కంపెనీవే పెట్టప్పా!

ఆ రోజుల్లో నాకు చెవులున్నాయని నాకొక గట్టి నమ్మకం. అందరికీ ఉండేలాంటివి కావు, ప్రత్యేకమైనవి. వీధిలో పెళ్లి ఊరేగింపు పోతుంటే, ఆ డప్పుల్లో ఒకటి చెమ్మ పట్టిందని మా ఇంటి మెట్ల మీద నుంచే తేల్చి చెప్పేవాణ్ణి (వెళ్లి తడిమి చూసినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి నా మాటే నెగ్గేది). ఇరవై నాలుగేళ్ల వయసు, పాటలంటే చెవి కోసుకునే పిచ్చి, ఎదుటివాడికి ఏమీ తెలియదనే ధీమా. ఈ మూడూ ఒకచోట చేరితే ఏమవుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పదేళ్లయింది కాబట్టి ఈపాటికి నవ్వు రావాలి. రాదు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. కాకపోతే ఎవరిమీద మండాలి అన్నది మాత్రం మారుతూ వచ్చింది. మొదట మా బావ మీద, తర్వాత పుంగనూరు వైరప్ప మీద, కొన్నాళ్లు 'పెట్టు' అనే తెలుగు క్రియాపదం మీద.

డ్రిప్పు పైపులు అమ్మే ఒక సంస్థలో నాకు ఫీల్డు ఉద్యోగం. ఇల్లు మదనపల్లెలో, ఆఫీసు పుంగనూరులో, రైతులు బి.కొత్తకోట నుంచి కుప్పం దాకా. మొదటి ఏడాదంతా ఒళ్లో పైపు ముక్కల సంచీ పెట్టుకుని బస్సుల్లోనే తిరిగాను. అది చూడలేక మా నాయన ఒక పాత చిన్న కారు కొన్నాడు. నాయన వయసులో ఉన్నప్పుడు టమాటా మార్కెట్లో పెట్టెలు మోసి లారీలకెత్తినవాడు. తర్వాత ఒక ప్రభుత్వ ఆఫీసులో అటెండరుగా చేరి, బెల్లు మోగినప్పుడల్లా లేచి, అలా లేస్తూనే రిటైరయ్యాడు. మా వంశంలో సొంత కారు ఎక్కిన మొదటి మనిషి ఆయనే. ఎక్కడమే గాని నడపడం రాదు (రాకపోయినా పక్క సీట్లో కూర్చుని నా బ్రేకులన్నీ ఆయనే తొక్కేవాడు). ఆయన దృష్టిలో మంచిది అంటే కంపెనీది. కంపెనీ టైరు, కంపెనీ రంగు, కంపెనీ హారను. ఎండ తగలకుండా ముందు అద్దం పైన మడిచే రెండు రేకులుంటాయే, వాటికి ఫ్యాక్టరీలో తొడిగిన ప్లాస్టిక్ కవరును పాత యజమాని విప్పలేదు. అది పసుపుపచ్చగా మారి, పీలికలై, నా నెత్తిమీద రాలుతున్నా మేమూ విప్పలేదు. కంపెనీ కవరు కదా!

మా ఇంట్లో తాళంచెవిని ఉత్త 'చెవి' అనే అంటారు. ఆ చెవి నా చేతిలో పెట్టేముందు నాయన నన్ను కారు పక్కన నిలబెట్టి ఒట్టు వేయించుకున్నాడు.

"సూడు. ఈ కారు నీకిస్తాండా. తిరుగు, పన్జేసుకో. గానీ కంపెనీ నుంచి యేది యాడొచ్చిందో అది ఆడ్నే ఉండల్ల. యేదన్నా రోంత కదిలించినావో, సెవి నా సేతికిచ్చేసి మళ్లా బస్సెక్కల్ల నువ్వు. ఒట్టా?"

"ఒట్టు నాయనా."

ఒట్టు పెట్టేటప్పుడు నాకు ఇంజను గుర్తొచ్చింది, చక్రాలు గుర్తొచ్చాయి. స్పీకర్లు గుర్తు రాలేదు. వాటిని స్పీకర్లు అనడం కూడా మర్యాదకే. ముందు డోర్లలో అటొకటి ఇటొకటి ఉండేవి. పాడేవాళ్లు దుప్పటి ముసుగేసుకుని పాడినట్టు ఉండేది ఆ పాట. పల్లవి ఎక్కడ అయిపోయిందో, చరణం ఎక్కడ మొదలైందో నాలాంటి చెవులున్నవాడికే తెలియకపోతే ఇంక మామూలు జనం గతేమిటి? అయినా ఓర్చుకున్నాను. ఒట్టు ఒట్టే కదా అని ఆరు నెలలు ఓర్చుకున్నాను. ఓర్పు పోగొట్టింది మా బావ.

మా అక్కను కుప్పంలో ఇచ్చాం. బావ గుడుపల్లెలో బడిపంతులు. పగలంతా పిల్లలకు నిశ్శబ్దం నేర్పే ఆ పెద్దమనిషి, తన కారు వెనక సీటంతా ఆక్రమించే బాసు స్పీకర్ల పెట్టె ఒకటి పెట్టుకుని, సాయంత్రం వీధిలోకి వచ్చేసరికి ఇళ్లలో గిన్నెలు కదిలేలా వస్తాడు. ఒకరోజు నా కారులో అందరం బజారుకు పోతుంటే పాట పెట్టాను. బావ చెవి మీద చెయ్యి ఆనించి, అటూ ఇటూ చూసి అన్నాడు:

"ఏమప్పా బామ్మర్దీ, ఈ పాట నీ కార్లోనే వస్తాండాదా, పక్కూర్లో యాడన్నా పెండ్లి జరగతాండాదా?"

నవ్వినవాళ్లలో మా అక్క కూడా ఉంది. బావ నవ్వడం ఆయన హక్కు, దానికేం చెయ్యలేం. సొంత అక్క, చిన్నప్పుడు నాచేత చెంబూ సంచీ మోయించుకున్న అక్క, వెనక సీట్లో పడీపడీ నవ్వింది. ఆ నవ్వు మదనపల్లె దాకా నా వెంట వచ్చింది. ఇంటికి చేరేసరికి నేనొక నిర్ణయానికి వచ్చేశాను.

స్పీకర్లు ఫోనులోనే చూసి తెప్పించాను, ఇంటికి కాదు, పుంగనూరు ఆఫీసుకి. ఆరున్నర అంగుళాల జత, పేరున్న కంపెనీ తయారుచేసినవి. అట్టపెట్టె తెరిచి, ఒకసారి కళ్లారా చూసుకుని, మళ్లీ టేపు వేసి డిక్కీలో స్టెప్నీ పక్కన చాప కింద దాచాను. ఒట్టు మాట మనసులో గుచ్చుకుంటూనే ఉంది. అయితే ఆ వయసులో మనసుకు సర్దిచెప్పడం నాకు వెన్నతో పెట్టిన విద్య. నాయన ఏమన్నాడు? కంపెనీవి ఉండాలన్నాడు. ఇవి మాత్రం ఎవరో ఇంట్లో కూర్చుని చేసినవా? ఇవీ కంపెనీవే. ఆ కంపెనీ కాకపోతే ఈ కంపెనీ. కాబట్టి ఒట్టు సగానికి పైగా నిలబడినట్టే. ఇలా రెండు మూడు రోజులు అనుకునేసరికి, నా నోట్లో ఆ కొత్త స్పీకర్ల పేరే 'కంపెనీవి' అయిపోయింది. నా కొంప ముంచింది ఆ అలవాటే.

మదనపల్లెలో బిగించే అంగళ్లు చాలానే ఉన్నాయి గాని, సగం ఊరు నాయనకు మార్కెట్టు నాటి స్నేహం, మిగతా సగం ఆఫీసు నాటి పరిచయం. అందుకని పుంగనూరులో వైరప్ప దగ్గరికి తీసుకుపోయాను. అసలు పేరు వేరు. బోరు మోటార్లకు వైండింగు కట్టి కట్టి ఆ పేరు పడింది, తర్వాత కార్లలో పాటల పనిలోకి దిగాడు. ఆయన గురించి ఊళ్లో ఒకటే మాట: చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, ఒక వెంట్రుక ఎక్కువ చెయ్యడు, తక్కువ చెయ్యడు. పని జరిగేటప్పుడు పక్కన ఎవరైనా నిలబడితే మాత్రం ఆయనకు చెయ్యి ఆడదు. "నువ్వు పొయ్యి కాపీ తాగి రా సార్" అని పంపించేస్తాడు. ఈ రెండు గుణాలూ విడివిడిగా మంచివే.

"డోర్లో స్పీకర్లు బాగలేవప్పా. పాట లోపల్లోపలే ఉండిపోతాండాది" అన్నాను (ఆయనతో మాట్లాడేటప్పుడు ఆయన భాషే వచ్చేస్తుంది నాకు, మా ఇంటి భాష కూడా అదే కాబట్టి).

వైరప్ప డోరు మీద వేలితో రెండుసార్లు కొట్టి చూశాడు. "నా దగ్గిర లోకల్ సెట్టు ఉండాది సార్. పెట్టినామంటే అద్దాలు అదరల్ల" అన్నాడు.

లోకల్! ఎవరితో మాట్లాడుతున్నాడో తెలుసా ఈ మనిషికి? "లోకల్ వద్దప్పా. కంపెనీవే పెట్టు" అన్నాను, కాస్త గట్టిగానే.

"కంపెనీవేనా?"

"కంపెనీవే."

"ఇంగోసారి ఆలోసించుకో సార్. కంపెనీవి మెత్తగా పలకతాయి."

"మెత్తగా పలికినా సరే, గట్టిగా పలికినా సరే. నాకు కంపెనీవే గావల్ల."

తన సరుకు అమ్ముడుపోలేదని ఏడుపు, అనుకున్నాను. ఇంతలో ఫోను మోగింది. చౌడేపల్లె దగ్గర ఒక రైతు, మేం వేసిన మెయిను పైపు పగిలి నీళ్లన్నీ పక్కవాడి చేలోకి పోతున్నాయని ఒకటే అరుపులు. నేను సీటు కింద మీట లాగి డిక్కీ తెరిచి, ఫోను చెవికి ఆనించుకునే, "డిక్కీ తెరిసుండాది సూడప్పా" అన్నాను. నా ఉద్దేశం, అందులో స్పీకర్లు ఉన్నాయని. తర్వాత పాతవాటి సంగతి గుర్తొచ్చింది. ఎప్పటికైనా కారు అమ్మేటప్పుడు మళ్లీ బిగించుకోవాలి కదా. వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "తీసినవి జాగర్తగా పెట్టప్పా. మా నాయనకు తెలిసిందంటే నా పనైపోతాది" అన్నాను.

"అట్నే సార్" అన్నాడు వైరప్ప. ఆఫీసులో ఒకతని బైకు ఎక్కి నేను చౌడేపల్లె పోయాను.

పొద్దు వాలేముందు తిరిగొచ్చేసరికి పని అయిపోయింది. డోర్లు తుడిచి తళతళలాడుతున్నాయి. "తీసినవి?" అని గొంతు తగ్గించి అడిగాను. "జాగర్తగా పెట్టినా సార్, నువ్వు సెప్పినట్టే" అన్నాడు ఆయన కూడా గొంతు తగ్గించి. డిక్కీ తెరిచి చాప ఎత్తాను. నా అట్టపెట్టె, టేపుతో సహా, పెట్టిన చోటే ఉంది. పాతవాటిని కొత్తవాటి పెట్టెలో పెట్టి, మళ్లీ టేపు కూడా వేశాడు చూడు, పనివాడంటే ఇతను, అనుకున్నాను. ఎంతివ్వాలంటే చాలా తక్కువ చెప్పాడు. "పనేముండాది సార్, ఇప్పి పెట్టిండేదే గదా" అన్నాడు. ఇంత వినయమా, అని కూడా అనుకున్నాను.

ఆ సాయంత్రం పుంగనూరు నుంచి మదనపల్లె దాకా నేను విన్న సంగీతం జన్మలో వినలేదు. వందసార్లు విన్న పాటల్లో అంతకుముందు లేని వాయిద్యాలు వినిపించాయి. గాయకుడు ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. అన్నిటికంటే, ఆ బాసు! డోరు మీద మోచెయ్యి ఆనిస్తే దడదడమని మోచేతికి తగిలింది. దారిలో బండి పక్కకు ఆపి, అరచెయ్యి డోరుకు ఆనించి, కళ్లు మూసుకుని ఒక పాట మొత్తం చేత్తో విన్నాను. ఒట్టు తప్పిన బాధ ఆ పాటతో పోయింది.

తర్వాతి ఆదివారం కుప్పం పోయాను. ఏమీ చెప్పకుండా బావను ముందు సీట్లో కూర్చోబెట్టి, పాట పెట్టి, ఆయన మొహంలోకే చూస్తూ కూర్చున్నాను. పల్లవి అయింది. చరణం అయింది. బావ ఆవలించాడు.

"ఏమన్నా తేడా తెలస్తాండాదా బావా?"

"ఏం తేడా? కార్లో సెంటు గింటు కొట్టినావా?"

"పాటలో బావా, పాటలో!"

"అదే డబ్బా గదప్పా."

"సెయ్యి ఈడ పెట్టు. డోరు మీద పెట్టు. అదరతాండాదా లేదా?"

బావ చెయ్యి పెట్టి చూశాడు. "అదరతాండాది సరే, పాట యాడ?" అన్నాడు.

ఇంతకంటే అన్యాయం ఉంటుందా? ఒక మనిషి ఒట్టు తప్పి, దొంగతనంగా పెట్టె తెప్పించుకుని, తండ్రికి భయపడుతూ కారులోకి సంగీతాన్ని తీసుకొస్తే, కుప్పం నుంచి గుడుపల్లె దాకా గుద్దుడు తప్ప ఇంకేమీ విననివాడు 'పాట యాడ' అని అడుగుతాడా? పైగా బడిపంతులు! ఆ పిల్లల గతి తలుచుకుంటే జాలేసింది నాకు. అక్క బయటికి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, "బాగుండాదిలే రా, కొత్తగా ఉండాది" అంది. మా ఇంట్లో చెవులున్నది నాకూ అక్కకే, అని ఆ క్షణాన ఆమె పాత నవ్వును క్షమించేశాను.

బావది ఒక రకం అన్యాయమైతే నాయనది ఇంకో రకం. పక్క సీట్లో కూర్చుని రేడియో పెట్టించుకునేవాడు. నేను గుండె చిక్కబట్టుకుని సౌండు తగ్గిస్తుంటే ఆయన పెంచమనేవాడు. ఒకరోజు తల ఊపుతూ అన్నాడు: "యిన్నావా? ఇన్నేండ్ల బండి. ఇప్పటికీ యెట్ల పలకతాండాదో సూడు. కంపెనీ అంటే అదీ!" ఎంపిక నాది, తెగింపు నాది, పాపం నాది, పేరు మాత్రం ఫ్యాక్టరీది! ఆ మాట నాయన నాతో అని ఊరుకోలేదు. పాలు పోసేవాడితో అన్నాడు, ఎదురింటివాళ్లతో అన్నాడు, పెట్రోలు కొట్టేవాడితో కూడా అన్నాడు. నేను పళ్లు కొరుక్కుంటూ బండి నడిపేవాణ్ణి. ఒకడేమో ఏమీ లేదంటాడు, ఇంకొకరేమో ఉన్నదంతా కంపెనీదంటాడు. నా స్పీకర్లను నావి అన్నవాడు లోకంలో ఒక్కడూ లేడు.

ఈ కడుపుమంట నెలన్నర దాచుకున్నాను. అది బయటపడింది మా మేనల్లుడికి చెవులు కుట్టించిన రోజు, కుప్పంలో. మేనమామను కాబట్టి పిల్లవాణ్ణి నా ఒళ్లోనే కూర్చోబెట్టారు. వాడు నా చొక్కా తడిపి, నా బొటనవేలు కొరికి, వీధి వినేలా ఏడ్చాడు. భోజనాలయ్యాక మగవాళ్లందరం కారు చుట్టూ నిలబడ్డాం, ఎవరో రేడియో పెట్టమన్నారు. బావ ఊరుకుంటాడా?

"మా బామ్మర్ది కార్లో పాట యినల్లంటే మనమందరం గూడా ఈ పొద్దే సెవులు కుట్టించుకోవల్ల" అన్నాడు.

అందరూ నవ్వారు. నాయనకు రోషం వచ్చింది. "అట్లనొద్దు అల్లుడా. కంపెనీ స్పీకర్లు అవి. నీ పెట్టె మాదిరి గుద్దవు. కంపెనీవి గాబట్టే ఇన్నేండ్లయినా..."

"కంపెనీవి కాదు!" అన్నాను.

అన్నానని నాకే తర్వాత తెలిసింది. చంకలో మేనల్లుడు ఉన్నాడన్న సంగతి కూడా మరిచిపోయి అరిచాను. "అవి కంపెనీవి కాదు నాయనా! నేను మార్పించినా. పుంగనూర్లో. నెలన్నరాయె. నువ్వు మెచ్చుకుంటాండేది కంపెనీని కాదు, నన్ను!"

అప్పుడే కుట్టిన చెవులతో ఏడుస్తున్న పిల్లవాడు కూడా ఏడుపు ఆపి నా మొహంలోకి చూశాడు. నాయన నా ముందుకొచ్చాడు. అరచెయ్యి చాపాడు.

"సెవి."

జేబులోంచి తీసి ఇచ్చాను. ఆయన దాన్ని బావ చేతిలో పెట్టాడు. "కంపెనీవి యాడుండాయి?" అన్నాడు నా వైపు చూడకుండా. డిక్కీలో ఉన్నాయన్నాను. "పదండి పుంగనూరికి. యేది యాడుండల్లో ఆడ పెట్టించినాకనే నేను ఇంటికొచ్చేది."

కుప్పం నుంచి వి.కోట, పలమనేరు మీదుగా పుంగనూరు. బావ బండి నడిపాడు, నాయన పక్కన, నేను వెనక. పలమనేరు దాటాక బావ పాట పెట్టి, అద్దంలో నన్ను చూస్తూ, "కొత్త స్పీకర్లంట గదా, ఇప్పుడన్నా యిందామని" అన్నాడు. బావలను భరించే ఓపిక ఇవ్వమని దేవుణ్ణి వేడుకున్నాను.

వైరప్ప ఏదో మోటారు ముందేసుకుని కూర్చుని ఉన్నాడు. "ఏం సార్, మళ్లా ఏమాయె?"

"ఆ పొద్దు పెట్టినవి తీసేసి, కంపెనీవి పెట్టప్పా" అన్నాను నేల చూస్తూ.

"కంపెనీవే గదా సార్ ఉండేది."

"అవి కాదప్పా, కారుతో వచ్చినవి."

"కారుతో వచ్చినవే గదా సార్ ఉండేది."

వైరప్ప డోరు లోపలి అట్ట ఊడదీశాడు. లోపల మా పాత స్పీకరు, దుమ్ము తుడిచి, వైరు నున్నగా బిగించి, కారు కంపెనీ ముద్రతో సహా, మమ్మల్ని చూస్తూ కూర్చుని ఉంది. రెండో డోరూ అంతే. నేను పరిగెత్తి డిక్కీలోంచి అట్టపెట్టె తెచ్చి టేపు చించాను. ఆరున్నర అంగుళాల జత, ప్లాస్టిక్ కవరులో, వేలిముద్ర పడకుండా మెరుస్తోంది.

"ఏందప్పా ఇది!" అని వైరప్ప మీద విరుచుకుపడ్డాను. "లోకల్ వద్దు, కంపెనీవే పెట్టమని సెప్పినానా లేదా?"

"కంపెనీవే పెట్టినా గదా! మూడుసార్లు అడిగితి. మూడుసార్లు కంపెనీవే అంటివి."

"తీసినవి జాగర్తగా పెట్టమంటి గదా!"

"తీసినవి జాగర్తగా పెట్టినా. సెమ్మ ఉంటే తుడిసి మరీ పెట్టినా."

"మరి డిక్కీ తెరిసుండాదని సెప్పింది యాలప్పా?"

"మర్సిపోయి తెరిసినావేమో అనుకోని మూసేస్తి."

ఆయన చెప్పిన మాటలన్నీ నావే, చేసిన పని అక్షరాలా అదే. బావ కారు మీద వాలిపోయి నవ్వుతున్నాడు, నవ్వు ఆపుకుని, "మరి ఆ అదురు యాడ్నుంచి వచ్చెనప్పా? డోరు మీద సెయ్యి పెట్టించి సూపించె మా బామ్మర్ది" అని అడిగాడు. వైరప్ప కొంచెం సిగ్గుపడ్డాడు. "ఆ పొద్దు ఇప్పేటప్పుడు అట్ట క్లిప్పు ఒగటి ఇరిగిపోయె సార్. దాన్తో అట్ట దడదడమంటాండాది. సెప్పల్లనుకుంటి, మర్సిపోతి."

కళ్లు మూసుకుని, అరచేత్తో, ఒక పాట మొత్తం నేను విన్నది ఆ క్లిప్పునన్నమాట.

అయినా ఆ వయసులో ఆశ చావదు. నాయన దగ్గరికి పోయి, "నాయనా, సూసినావు గదా. కంపెనీది యేదీ కదల్లేదు. ఒట్టు తప్పలేదు" అన్నాను. నాయన చాలాసేపు ఆలోచించాడు. ఆఫీసులో అంతకాలం పెద్ద పెద్ద ఫైళ్లు ఊరికే మోయలేదు ఆయన.

"స్పీకర్లు కదల్లేదు, నిజమే. క్లిప్పు?"

"క్లిప్పా?"

"క్లిప్పు కంపెనీది గాదా?"

చెవి బావ చేతిలోంచి నాయన జేబులోకి పోయింది. ఎక్కేముందు బావ నా భుజం మీద చెయ్యేసి, "నోరు మూసుకోనుంటే సెవి నీ దగ్గిర్నే ఉండేది గదప్పా" అన్నాడు. ఆ మాట నిజం కావడమే నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది.

మళ్లీ బస్సులు, మళ్లీ ఒళ్లో పైపు ముక్కల సంచీ. కారు ఇంటిముందు నిలబడిపోయింది. నాయనకు నడపడం రాదు, నాకు ఇవ్వడు. సాయంత్రం నేను బస్సు దిగి వచ్చేసరికి ఆయన కారు పక్క సీట్లో ఒక్కడే కూర్చుని రేడియో వింటూ ఉండేవాడు. నేను కావాలనే అటు చూడకుండా లోపలికి పోయేవాణ్ణి. మూడు నెలలు ఇలా గడిచాయి. పంతం ఎవరిదో తెలియకుండా పోయింది. ఒకరోజు గేటు తీస్తుంటే పిలిచాడు.

"రా, కూసో."

డ్రైవరు సీట్లో కూర్చున్నాను. రేడియోలో వార్తలేవో వస్తున్నాయి.

"నీకు యినబడతాండాదా?"

"యినబడతాండాది నాయనా."

"నాకు యినబడదురా."

నాకు అర్థం కాలేదు. "ఈ మధ్యనా?" అన్నాను.

"మొదుట్నుంచీ అంతే. పక్కన మాట్లాడితే తెలస్తాది, పాట తెలీదు. మార్కెట్లో పెట్టెలెత్తేటప్పుడు లారీ హారన్ల కిందే గదా నిలబడింది. ఆఫీసులో గూడా బెల్లు యినబడక, బల్బు యెలిగేది సూసి లేస్తాంటి."

"మరి శానా బాగా పలకతాండాదని అందరికీ సెప్తివే నాయనా. పాలోడికి గూడా సెప్తివి."

నాయన కాసేపు ఆ పసుపుపచ్చ కవరు పీలికలవైపు చూశాడు. "మన కారు గదరా. బాగుండాదనుకుంటి. అనుకుంటే యినబడె" అన్నాడు. తర్వాత జేబులోంచి చెవి తీసి నా చేతిలో పెట్టి, ఎటో చూస్తూ అడిగాడు: "ఆ డబ్బాలోవి ఉండాయా?"

మర్నాడే పుంగనూరు పోయాం. ఈసారి కంపెనీ అనే మాట నేను నోట రానివ్వలేదు, పెట్టు అనే మాట కూడా. "ఈ డబ్బాలో ఉండేటివి తీసి డోర్లలోకి బిగించు. డోర్లలో ఉండేటివి తీసి ఈ డబ్బాలో ఎయ్యి" అని చెప్పి, వైరప్ప ఎంత గొణిగినా కదలకుండా అక్కడే నిలబడ్డాను. విరిగిన క్లిప్పు కూడా కొత్తది వేయించాను. నాయన పక్క సీట్లో కూర్చుని, రేడియో పెట్టించుకుని, సౌండు బాగా పెంచమన్నాడు. విన్నాడు. ముందుకు వంగి ఇంకాసేపు విన్నాడు. ఆయన మొహం మెల్లగా విచ్చుకోవడం నేను చూశాను.

"ఆఁ! కంపెనీ అంటే ఇదీ!" అన్నాడు.

నేను కూడా చెవులు రిక్కించాను. ఎంత రిక్కించినా నాకు ఏ తేడా వినిపించలేదు. గాయకుడు ఊపిరి పీల్చుకోలేదు, కొత్త వాయిద్యాలేవీ రాలేదు. క్లిప్పు పడ్డాక ఆ అదురు కూడా పోయింది. "బాగుండాదారా?" అన్నాడు నాయన. "శానా తేడా ఉండాది నాయనా" అన్నాను.

ఆ కారు ఇప్పటికీ మా ఇంటిముందే ఉంది. ఈ మధ్య ఎప్పుడైనా ఆ ఇరవై నాలుగేళ్లవాడు గుర్తొస్తే, దారి పక్కన బండి ఆపుకుని, డోరుకు అరచెయ్యి ఆనించి, విరిగిన క్లిప్పును సంగీతమనుకుని కళ్లు మూసుకున్నవాడు, వాడి మీదే ఒళ్లు మండుతుంది. నాలుగు తిట్టాలని నోటి దాకా వస్తుంది. తిట్టలేను. అనుకుంటే వినబడే ఆ చెవులు వాడికి ఎక్కణ్ణుంచి వచ్చాయో ఇప్పుడు నాకు తెలుసు. కంపెనీవే.